ఎరువు స్ఫటికం ఆత్మకథ

శామీర్‌పేట, మేడ్చల్ ప్రాంతం ద్రాక్ష తోటలకు పేరుపడ్డది. డ్రిప్పు నీళ్లలో కరిగించి పారించే తెల్లటి ఎరువుగా అక్కడి రైతులకు నేను 0-52-34ని. భౌతిక శాస్త్రజ్ఞులకు మాత్రం కేడీపీని, అంటే పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్‌ను. 123 కెల్విన్లకు, అంటే మైనస్ 150 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరిస్తే నాలో విద్యుత్ ధ్రువణం దానంతటదే పుడుతుందనీ, బయటి విద్యుత్ క్షేత్రంతో దాని దిశను తిప్పవచ్చనీ 1935లో జ్యూరిచ్‌లో బుష్, షెరర్ తేల్చారు. నేను ఫెర్రోఎలక్ట్రిక్ జాతిలో చేరింది అప్పుడే. ఆ చలి పల్లెలకు కొత్తదేమీ కాదు. పశువైద్యశాలల్లో ఎద్దు వీర్యాన్ని దాచే ద్రవ నైట్రోజన్ 77 కెల్విన్ల దగ్గర ఉంటుంది. నేను చెప్పదలచింది ఒక్కటే. నా నిర్మాణం తెలియాలంటే నా పరమాణువులు ఎక్కడున్నాయో తెలిస్తే చాలదు, ఎంత వేగంగా కదులుతున్నాయో కూడా తెలియాలి. అది చెప్పడంలో అయస్కాంత అనునాదానిది పెద్ద చెయ్యి.

నాలో ప్రతి భాస్వరం చుట్టూ నాలుగు ఆక్సిజన్లుంటాయి. ఒక ఫాస్ఫేట్‌ను పక్కదానితో హైడ్రోజన్ బంధం కలుపుతుంది. ఆ బంధంలో హైడ్రోజన్‌కు రెండు చోట్లున్నాయి. వెచ్చగా ఉన్నప్పుడు రెండింటా సమానంగా కనిపిస్తుంది, చలిలో ఒకవైపు స్థిరపడుతుంది. దాంతో నా సౌష్ఠవం టెట్రాగోనల్ నుంచి ఆర్థోరాంబిక్‌కు తగ్గుతుంది. సౌష్ఠవాన్నిబట్టి భౌతిక లక్షణాలను లెక్కగట్టే సమూహ సిద్ధాంతంపై సూరి భగవంతం, వెంకటరాయుడు రాసిన గ్రంథాన్ని వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయం 1948లో ప్రచురించింది. ఏ లక్షణం సాధ్యమో సౌష్ఠవం చెబుతుంది. ఏ పరమాణువు దానికి మూలమో చెప్పదు. నా ధ్రువణానికి హైడ్రోజన్ల అమరికే మూలమని 1941లో భౌతిక శాస్త్రజ్ఞుడు స్లేటర్ వాదించాడు. హైడ్రోజన్ బదులు దాని బరువైన రూపం డ్యుటీరియం పెడితే మార్పు జరిగే ఉష్ణోగ్రత 220 కెల్విన్ల దరిదాపులకు ఎగబాకడం ఆ వాదనకు బలమిచ్చింది. అయితే ఒక చిక్కుంది. ధ్రువణం నిలువు అక్షం వెంట ఉంటే, హైడ్రోజన్లు దానికి దాదాపు అడ్డంగా జరుగుతాయి. నిలువునా జరిగేవి ముఖ్యంగా పొటాషియం, భాస్వరం. అందుకే ఒక్కో కేంద్రకాన్నీ విడిగా విచారించాల్సి వచ్చింది.

హైడ్రోజన్‌ను 1950లలోనే న్యూట్రాన్లు చూపించాయి కదా, ఇంకేం కావాలని అడగవచ్చు. అవి చూపించింది సగటు. వెచ్చని స్థితిలో హైడ్రోజన్ చెరి సగం రెండు చోట్లా పరుచుకున్నట్టు కనిపిస్తే, ప్రతి ఒక్కటీ అటూ ఇటూ గెంతుతోందా, లేక సగం అటు, సగం ఇటు కదలక ఉన్నాయా అన్నది ఆ చిత్రం తేల్చదు. అనునాదం తేలుస్తుంది. అయస్కాంత క్షేత్రంలో ఉన్న డ్యుటీరియం కేంద్రకం ఏ రేడియో పౌనఃపున్యానికి స్పందిస్తుందన్నది దాని చుట్టూ విద్యుత్ క్షేత్రం ఎలా మారుతోందన్నదాన్నిబట్టి ఉంటుంది. కదలకుండా ఉంటే రెండు చోట్లకూ వేర్వేరు గీతలు రావాలి. వేగంగా గెంతితే అవి సగటై ఒక్కటవ్వాలి. డ్యుటీరియం నింపిన నా స్ఫటికంలో వెచ్చగా ఉన్నప్పుడు సగటు గీతే వస్తుంది, చలి స్థితిలో అది విడిపోతుంది. గెంతడం నిజమన్నమాట.

రెండో అభ్యంతరం గట్టిది. కేంద్రకాలకు బదులు ఎలక్ట్రాన్లను విచారించే ఎలక్ట్రాన్ అనునాదానికి జతలేని ఎలక్ట్రాన్ కావాలి. నాలో అది లేదు. అందుకే ఆర్సెనేట్‌ను కొద్దిగా కలిపి, ఎక్స్-కిరణాలతో లోపం పుట్టించి దాన్ని వింటారు. ఆ లోపం తన పక్కనున్న హైడ్రోజన్ల కదలికను తానే మందగింపజేయదా? చేస్తుంది. అందుకే దాని సాక్ష్యాన్ని ఒంటరిగా నమ్మకూడదు. నా సొంత భాస్వరం, డ్యుటీరియం కేంద్రకాలిచ్చే సంకేతాలతో సరిచూడాలి. రెండూ ఏకీభవించిన చోట అది స్ఫటికం గుణం, విభేదించిన చోట లోపం గుణం.

ఇంత చలిలో తేలిన సంగతి వెచ్చని లోకానికెందుకని కూడా అనవచ్చు. లేజర్ కాంతిని వోల్టేజీతో అదుపు చేసే మీటల్లో డ్యుటీరియం నింపిన నా రూపానికి తక్కువ వోల్టేజీ సరిపోతుంది. దాని మార్పు ఉష్ణోగ్రత గది ఉష్ణోగ్రతకు మరింత దగ్గరగా ఉండటమే కారణం. హైడ్రోజన్ గెంతులను అర్థం చేసుకోకుండా ఆ తేడాను వివరించలేం.