గంట కొట్టారు, గడియ పెట్టారు

ఎండలు ముదిరేసరికి మామిడికాయలతో పాటు, బడిపిల్లలను నీళ్లు తాగమని గుర్తుచేసే వాటర్ బెల్ కూడా మళ్లీ కాపుకొచ్చింది. 2019లో కేరళ బడుల నుంచి వార్తలకెక్కి, ఆ ఏడాదే తెలుగు రాష్ట్రాలకు పాకి, 2024 వేసవిలో ఆంధ్రప్రదేశ్‌లో మరోసారి ఉత్తర్వు రూపం దాల్చిన ఈ గంట, దాహం ఎప్పుడు వేయాలో దాహానికే తెలియదన్న అనాది సమస్యను రోజుకు మూడు మోతలతో పరిష్కరించిందని విద్యాధికారులు సంతోషించడం సహజమే.

గంట మోగే తీరు కొంత వివరించదగినది. భిన్నాల కూడిక సగంలో ఉండగా అది మోగుతుంది; సుద్దముక్క ఆగుతుంది; నలభై మంది ఒక్కసారిగా లేచి సీసాల మూతలు తీస్తారు; ఉపాధ్యాయుడు సెల్‌ఫోన్ ఎత్తి పట్టుకుంటాడు, ఎందుకంటే నీళ్లు గొంతు దిగడం కన్నా ఆ దృశ్యం మండలం వాట్సాప్ గ్రూపులోకి ఎక్కడం ముఖ్యం. సీసా తెచ్చుకోని పిల్లవాడు పక్కవాడి సీసాకు ఒక చెయ్యి ఆనించి ఫొటోలో చోటు సంపాదించుకుంటాడు. మరుగుదొడ్లను రోజూ ఫొటో తీసి యాప్‌లో ఎక్కించే పని ఒకప్పుడు నెత్తిన పడిన ఉపాధ్యాయులకు, దొడ్డి నుంచి సీసాకు జరిగిన ఈ మార్పు పదోన్నతి కిందే లెక్క.

అసలు ఇలాంటి గంట ఒకటి పిల్లల తలలో ముందునుంచే ఉందన్న సంగతి ఉత్తర్వు రాసినవారికి ఎవరూ చెప్పినట్టు లేదు. మెదడు అడుగుభాగాన హైపోథాలమస్ అనే చిన్న కేంద్రం ఉంటుంది. రక్తంలో లవణాల సాంద్రత ఒకటి రెండు శాతం పెరిగితే చాలు, అది ఒకవైపు దాహం పుట్టించి, మరోవైపు వాసోప్రెసిన్ అనే హార్మోను ద్వారా, అంటే రక్తంలో కలిసి కబురు మోసే రసాయనం ద్వారా, ఉన్న నీటిని పొదుపు చేయమని మూత్రపిండాలకు వర్తమానం పంపుతుంది. రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడకట్టి, అందులో లీటరో లీటరున్నరో మాత్రమే బయటికి వదిలే ఆ మూత్రపిండాలు ఏ సమీక్షా సమావేశానికీ హాజరు కాకుండానే తమ పని తాము చేసుకుపోతాయి. నోడల్ అధికారి లేని ఇలాంటి ఏర్పాటును పాలనా యంత్రాంగం నమ్మలేకపోవడంలో వింత లేదు.

ఇక గ్లాసుల లెక్క. రోజుకు ఎనిమిది గ్లాసులన్న సూత్రానికి మూలంగా చాలామంది చూపేది 1945లో అమెరికా ఆహార, పోషకాహార మండలి చేసిన సిఫారసు. పెద్దవారికి రోజుకు రెండున్నర లీటర్ల నీరు తగినదన్న ఆ మండలి, అందులో అధికభాగం వండిన ఆహారంలోనే ఉంటుందని కూడా పక్కనే చెప్పింది. లోకం మొదటి మాటను బట్టీపట్టి రెండో మాటను నీటిపాలు చేసింది. ఆరోగ్యవంతులు తప్పనిసరిగా ఎనిమిది గ్లాసులు తాగాలనడానికి శాస్త్రీయ ఆధారం దొరకలేదని 2002లో హైంజ్ వాల్టిన్ అనే మూత్రపిండాల శాస్త్రవేత్త రాసినా ఆ ఎనిమిదిలో ఒక్కటీ తగ్గలేదు. ఉడికిన అన్నంలో దాదాపు మూడింట రెండు వంతులు నీరే అయినప్పుడు, దాని మీద చారు, ఆఖర్న మజ్జిగ పోసుకునే ఇంట్లో గ్లాసులు లెక్కపెట్టడం చెరువు గట్టున కూర్చుని చెంబులు లెక్కపెట్టడం వంటిది. గంటల గీతలు అచ్చువేసిన రెండు లీటర్ల సీసాను చంకనెత్తుకుని తిరిగే కొత్త భక్తుల సంగతి, పొట్టలో ఆమ్లం తగలగానే క్షారత్వం పోగొట్టుకునే ఖరీదైన క్షారజలం సంగతి ఇక్కడ వదిలేయడమే మర్యాద.

పిల్లలు ఆటలో పడి నీళ్లు మరిచిపోతారని, అందుకే గంట అవసరమని ఒక వాదన ఉంది. మరిచిపోయేవారు ఉంటారు, వడగాలుల వేళ వారికి గుర్తు చేయడంలో తప్పూ లేదు. అయితే గుర్తుండి, దాహం వేసి, సీసా ఎదురుగా ఉండి కూడా తాగని పిల్లలున్నారు. వారిలో ఎక్కువమంది ఆడపిల్లలు. వారి ఊసు ఏ గంటలోనూ వినపడదు. తాగిన నీటిలో చెమటగా పోయినది పోగా మిగిలినది మూత్రంగా బయటికి రావాలన్న చిన్న విషయాన్ని, మూడుసార్లు తాగమని చెప్పిన పెద్దలు ఒక్కసారైనా తలుచుకోకపోవడం మతిమరుపు కాదు, సిగ్గులేనితనం. పిల్లల మూత్రాశయం ఎంత పడుతుందో అంచనా వేయడానికి వైద్యులు వయసుకు రెండు కలిపి ముప్ఫైతో హెచ్చిస్తారు. ఆ లెక్కన పదేళ్ల పిల్లకు సుమారు 360 మిల్లీలీటర్లు. మూడు మోతలకూ మూడు గ్లాసులు తాగిన పిల్ల ఎక్కడికి వెళ్లాలి? చిటికెన వేలు ఎత్తితే, ఇంటర్వెల్ ఇప్పుడే కదా అయింది, కూర్చోమంటారు. ఇంటర్వెల్‌లో వెళితే తలుపుకు తాళం. తాళంచెవి అటెండరు దగ్గర, అటెండరు బ్యాంకు పని మీద. తాళం తీసి ఉన్నచోట లోపల గడియ ఊడి ఉంటుంది, కొళాయి తిప్పితే గాలి వస్తుంది, మూలన విరిగిన బెంచీలు, కోడిగుడ్ల అట్టలు కాపురముంటాయి. కాళ్లు ముడుచుకుని కూర్చోవడం నేర్చుకున్న పిల్ల, నీళ్లు మానుకోవడం కూడా తనంతట తానే నేర్చుకుంటుంది. ఆడవారిలో మూత్రాశయం నుంచి బయటికి వచ్చే దారి నాలుగు సెంటీమీటర్లే కావడం వల్ల సూక్ష్మజీవులు తేలిగ్గా లోపలికి చేరతాయని, తాగకపోవడం, ఆపుకోవడం రెండూ ఆ ముప్పును పెంచుతాయని ఏ ఆరోగ్య కార్యకర్తను అడిగినా చెబుతుంది.

చట్టాలకేమీ కొదవ లేదు. బాలబాలికలకు విడివిడిగా మరుగుదొడ్లు ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెప్పింది. అన్ని బడులకూ ఆరు నెలల్లో ఆ సౌకర్యం కల్పించాలని 2012 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. తాగునీరు పెట్టిన చోటుకు, మూత్రశాలకు మధ్య ఆరు మీటర్ల ఎడం ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో ఒక నియమం ఉండేది. అది కార్మికుల కోసం రాసినదే అయినా చాలా బడులు దాన్ని అంతకన్నా ఉదారంగా పాటిస్తున్నాయి: కొళాయి బడిలో, మూత్రశాల రెండు కిలోమీటర్ల అవతల ఇంట్లో. నీళ్లు మానుకునే, ఆపుకునే ఈ చదువు పూర్తిచేసుకుని బట్టల కొట్లో అమ్మకానికి నిలబడే అమ్మాయి, మిరప కోతకు ట్రాక్టరెక్కి పోయే కూలీ, రోజంతా బస్సులో ఉండే కండక్టరమ్మ కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ ఉండదు.

ఇన్ని గంటల నడుమ ఆడపిల్లలు చెవులు రిక్కించి ఎదురుచూసేది ఇంటి గంట కోసమే. అది మోగగానే వారు గేటు దాటి పరుగెత్తడం చూసి, పిల్లలకు చదువు మీద ధ్యాస లేదని ఉపాధ్యాయులు నవ్వుకుంటారు. సంచిలో పొద్దున నింపిన సీసా, మూత దాకా నిండుగానే, ఆ పరుగుకు వీపును తడుతూ ఇల్లు చేరుతుంది.