తేలిక తుపాకీ మీమాంస

అమెరికాలోని రాకీ పర్వతాల్లో, ముఖ్యంగా కొలరాడో, వయోమింగ్, మోంటానా, ఐడహో రాష్ట్రాల్లో, ఏటా శరత్కాలం సమీపించేసరికి ఎల్క్ వేటకు లైసెన్సు సంపాదించినవారి మధ్య తలెత్తే వాదాలన్నింటిలోకీ దీర్ఘమైనది, ఉభయపక్షాలనూ సమానంగా అలసటకు గురిచేసేది, తుపాకీ బరువును గూర్చిన వాదం. ఎల్క్ అనేది మన అడవుల్లోని కణుజుకు దూరపు బంధువు. ఎదిగిన మగజంతువు 300 కిలోలకు పైగా తూగుతుంది, వేటకాలంలో తరచు 8,000 నుంచి 11,000 అడుగుల ఎత్తున మేస్తుంది, మనిషి ఏ కొండ ఎక్కితే దాని పక్క కొండ మీద కనిపిస్తుంది. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఇటువంటి వ్యవహారాలకు తెరదించినందువల్ల, తెలుగు పాఠకుడు ఈ శాస్త్రాన్ని ధనవ్యయం గాని భుజం నొప్పి గాని లేకుండా అభ్యసించగల అదృష్టవంతుడు.

ముందుగా పూర్వపక్షం. తేలికవాదులు చెప్పేదేమంటే, రైఫిలును, అంటే గొట్టం లోపలి గోడకు మెలికల గాడులు చెక్కినందువల్ల గుండు గిరగిర తిరుగుతూ సూటిగా పోయే తుపాకీని, వేటగాడు పేల్చేది ఒక్క క్షణం, మోసేది రోజుల తరబడి. పౌండు అంటే 16 ఔన్సులు, అరకిలోకు కాస్త తక్కువ; 10,000 అడుగుల ఎత్తున గాలి పీడనం సముద్రమట్టంలోని దానిలో సుమారు 70 శాతమే కనుక, బయలుదేరేటప్పుడు ఎనిమిది పౌండ్లున్న తుపాకీ రెండో మలుపు దాటేసరికి తన బరువును తానే పెంచుకున్నట్టు తోస్తుంది. ఈ బాధను గుర్తించి 1952లో వించెస్టర్ సంస్థ తన మోడల్ 70 రైఫిలుకు ఫెదర్‌వెయిట్ అనే తేలిక రూపాన్ని తెచ్చింది. 1980లలో వెస్ట్ వర్జీనియాకు చెందిన మెల్విన్ ఫోర్బ్స్ ఇంకొంత ముందుకు వెళ్లి, ఉక్కును ఎడాపెడా చెక్కి పారేయడానికి బదులు, భుజానికి ఆనించే దిమ్మను, అంటే స్టాకును, కెవ్లార్ వంటి పీచు పదార్థంతో రూపొందించి, ఐదు పౌండ్ల ప్రాంతంలో తూగే రైఫిలును తయారుచేశారు. బరువు తగ్గించడానికి ఆయన బుద్ధిని ఉపయోగించారని, తరువాతివారిలో కొందరు ప్రధానంగా ఆకురాయిని ఉపయోగించారని చెప్పడం అన్యాయం కాదు.

తుపాకీ వివాదానికి తోడు గుండు వివాదం ఒకటి ఉంది. ఔట్‌డోర్ లైఫ్ పత్రికలో తుపాకుల శీర్షికను దశాబ్దాలపాటు నిర్వహించిన జాక్ ఓకానర్, అంతకుముందు అరిజోనా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పినవారు కావడం వల్ల, 1925లో వెలువడిన .270 వించెస్టర్ తూటా సుగుణాలను అదే ఆచార్యత్వంతో దేశానికంతటికీ బోధించారు. తూటా అంటే గుండు, మందు, గుల్ల కలిసిన మొత్తం. ఆయన మెచ్చిన గుండు 130 గ్రెయిన్లు, అనగా ఎనిమిదిన్నర గ్రాముల లోపు. ఐడహోలోని సాల్మన్ పట్టణంలో నివసించిన ఎల్మర్ కీత్ మాత్రం దానికి దాదాపు రెట్టింపైన 250 గ్రెయిన్ల గుండుకు తగ్గి ఎల్క్‌తో మాట్లాడడం మర్యాద కాదన్న ధోరణిలో రాశారు. శైవ వైష్ణవ వాదాల తీరున శిష్యప్రశిష్యులు నేటికీ కొనసాగిస్తున్న ఈ వివాదం, ఇద్దరి గుండ్లకూ ఎల్క్‌లు పడిపోయినందువల్ల ఎన్నటికీ తేలలేదు. కొలరాడో నిబంధనలు ఈ మతభేదాల జోలికి పోకుండా, 0.24 అంగుళాలకు తగ్గని గొట్టం వ్యాసం, ఎల్క్‌కైతే 85 గ్రెయిన్లకు తగ్గని గుండు వంటి కనీస షరతులతో సరిపెట్టుకున్నాయి.

తేలికవాదుల చిక్కంతా న్యూటన్‌తో వస్తుంది. గుండు ముందుకు దూసుకుపోయినందుకు ప్రతిగా తుపాకీ వెనక్కి తన్నడాన్ని రికాయిల్ అంటారు. తూటా మారకుండా తుపాకీ బరువు ఎనిమిది పౌండ్ల నుంచి ఆరుకు దిగితే ఆ తన్నులోని శక్తి మూడో వంతు పెరుగుతుంది గనుక, కొండ ఎక్కేటప్పుడు భుజం మిగుల్చుకున్న శ్రమంతా కాల్చేటప్పుడు అదే భుజం నుంచి ఒక్కసారిగా వసూలవుతుంది. మందు దండిగా కూరిన .300 వించెస్టర్ మాగ్నమ్ వంటి తూటాను ఆరు పౌండ్ల తుపాకీలో వాడే సాహసికి, గురి చూసేందుకు తుపాకీ మీద బిగించిన టెలిస్కోపు అంచు కనుబొమ మీద అర్ధచంద్రాకారపు గాటు పెట్టడం కద్దు. ఈ ముద్ర ధరించినవారిని వేట శిబిరాల్లో వేరే పరిచయం లేకుండానే గుర్తుపడతారు. రెండుసార్లు తన్ను తిన్న భుజం మూడోసారి మీట నొక్కకముందే ఉలిక్కిపడుతుంది. ఫ్లించ్ అని పేరుపొందిన ఈ ఉలికిపాటు కారణంగా గుండు ఎల్క్‌ను వదిలి కొలరాడో రాష్ట్రాన్ని మాత్రమే తాకుతుంది. విరుగుడుగా గొట్టం కొసన మజిల్ బ్రేక్ అనే రంధ్రాల తొడుగును బిగిస్తే, మందు వాయువులు పక్కలకు మళ్లి తన్ను తగ్గుతుంది గాని, కాల్చినవాడి చెవుల్లోనూ పక్కన నిలుచున్నవాడి చెవుల్లోనూ చప్పుడు హెచ్చుతుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత చెవులకు కూడా వర్తిస్తుందని దీనివల్ల రుజువవుతుంది. పైగా సన్నని తేలిక గొట్టం, రొప్పుతున్న మనిషి ప్రతి ఊపిరినీ ఎంతో నిజాయితీగా కొసదాకా చేరవేస్తుంది. బరువు గొట్టం కుదురుగా నిలవడానికి కారణం దాని సహజమైన బద్ధకమే.

ఖర్చు సంగతి కొంత సున్నితమైనది. ఆరుంపావు పౌండ్ల మామూలు ఫ్యాక్టరీ రైఫిలు 600 డాలర్ల ప్రాంతంలో దొరుకుతుండగా, టైటానియం యాక్షను, అంటే తూటాను గొట్టంలోకి తోసి బిగించే యంత్రభాగం, కార్బన్ పీచు దిమ్మ గల ఐదు పౌండ్ల రైఫిలు 3,500 డాలర్ల దాకా పలుకుతుంది. తేడా 20 ఔన్సులు, అనగా ఔన్సు ఒక్కంటికి 145 డాలర్లు. ఇంత వ్యయంతో సాధించిన తేలికదనం నెత్తిన, 12 ఔన్సుల టెలిస్కోపు సరిపోయేచోట 32 ఔన్సులదాన్ని ఎక్కించి, తేడా రాకుండా ఆ 20 ఔన్సులనూ వెనక్కి రప్పించే కొనుగోలుదారులు అరుదు కారు. నిజానికి టెలిస్కోపుతో సహా ఏడున్నర పౌండ్ల ప్రాంతంలో తూగుతూ, .270 గాని 1906 నాటి .30-06 గాని పేల్చే రైఫిలు చాలామంది భుజాలకు సరిపడుతుంది. తగ్గించదలచిన బరువును దిమ్మలోనూ టెలిస్కోపులోనూ తగ్గించి గొట్టాన్ని దాని మానాన వదిలేయడం ఉత్తమం. ఇంత సులభమైన పరిష్కారానికి ఆదరణ లేకపోవడంలో వింత లేదు, ఎందుకంటే దీనివల్ల మరుసటి ఏడు మరో తుపాకీ కొనే అవసరం కలగదు.

ఎల్క్ వేటకు వెళ్లినవారిలో అత్యధికులు ఏటా ఎల్క్ లేకుండానే ఇళ్లు చేరతారన్న సత్యాన్ని కలుపుకుని తర్కిస్తే, ఎల్క్ ఎదురుపడనివానికి తుపాకీ ఎంత తేలికైతే అంత మంచిదని, అసలు లేకపోతే మరీ మంచిదని, ఎదురుపడేవానికి మాత్రం కుదురైన బరువు తుపాకీయే మేలని తేలుతుంది. ఈ రెండు తెగల్లో తానెక్కడివాడో ముందే తేల్చుకోగలిగిన కొనుగోలుదారుకు చిక్కే లేదు. కాని దుకాణంలో నిలబడి తనకు ఎల్క్ కనిపించదని ఒప్పుకునే నిబ్బరం మానవులకు లేదు. అందువల్ల అతడు ఎల్క్ కనబడని రోజుల కోసం తేలిక తుపాకీని, కనబడబోయే క్షణం కోసం మాగ్నమ్ తూటాను ఎంచుకుని, రెండు పక్షాల దోషాలనూ ఒకే పెట్టెలో ఇంటికి తెచ్చుకుంటాడు.

ఎల్క్ పడినట్లయితే సమస్య కొత్త మలుపు తీసుకుంటుంది. తినదగిన మాంసాన్ని అడవిలో వదిలి రావడం నేరం. ఎముకలు తీసిన తరువాత కూడా అది 90 కిలోల దాకా ఉండవచ్చు, మనిషి వీపున మోస్తే మూడు నాలుగు విడతలు పడుతుంది. దూరదృష్టి గలవారు అందుకే గుర్రాలను ముందే కుదుర్చుకుంటారు. అప్పుడు తుపాకీ జీనుకు వేలాడే తోలు ఒరలోకి దిగి, వేటగాని భుజాన్ని పూర్తిగా విడిచి, గుర్రం పక్కటెముకల వెంట కొండ ఎక్కుతుంది. 2,900 డాలర్లు అదనంగా పోసి తగ్గించిన 20 ఔన్సుల ఫలమంతా ఈ విధంగా గుర్రానికి దక్కుతుంది గాని, జీను మీద కూర్చున్న పెద్దమనిషి నడుము చుట్టుకొలతను గూర్చి ఆ గుర్రానికి అంతకంటే తూకమైన అభ్యంతరాలు ఉండి ఉండవచ్చు.