పీక నొక్కితే ఆగే చప్పుడు

‘మీకే జబ్బూ లేదండీ’ అని డాక్టరుగారంటే ఎవరైనా కొబ్బరికాయ కొడతారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. రాత్రి దిండు మీద తల ఆనించగానే కుడిచెవిలో నాడితో సమానంగా బుస్... బుస్... మంటూంటే, లేదంటారేమిటి? సీటీ స్కాన్ రిపోర్టులో ‘హై రైడింగ్ జుగులర్ బల్బ్’ అని అంత ఘనంగా రాశారే!

ఆయన కాగితం మీద బొమ్మ గీశారు. మెదడు వాడేసిన రక్తాన్ని కిందికి దించే పెద్ద సిర చెవి వెనకగా వంపు తిరిగి, మెడలోకి దిగేముందు మధ్యచెవి అడుగున కాస్త ఉబ్బుతుంది. పుట్టినప్పుడు ఆ ఉబ్బు ఉండదు. పిల్లలు లేచి నడక నేర్చాక తయారవుతుంది. నడినెత్తి కింది సిర ఎక్కువమందిలో కుడికే మళ్ళుతుంది కాబట్టి, ఉబ్బు కూడా సాధారణంగా కుడివైపుదే పెద్దది. నా సిర అక్కడితో ఊరుకోలేదు. పక్కింటాయన ప్రహరీ గోడ జరుపుకుంటూ వచ్చినట్టు పైపైకి వచ్చి, లోపలిచెవిలోని కాక్లియా పక్కన కాపురం పెట్టింది. మధ్యన మిగిలింది పలచటి ఎముక రేకు. కొందరికి సిరకీ మధ్యచెవికీ నడుమ ఆపాటి రేకూ ఉండదట. అప్పుడు సిర కర్ణభేరి వెనక నీలంగా కనిపిస్తుందట. ఏదో గడ్డనుకుని సూది గుచ్చితే రక్తం వరదే.

‘‘దీన్ని నార్మల్ వేరియంట్ అంటామండీ,’’ అన్నారు. పైగా ఓదార్పు: కొందరికి ఏఐసీఏ అనే ధమని, వినికిడి నరం నడిచే ఇరుకు కాలువలోకే మెలిక తిరుగుతుందట. ఎంత లోపలికి దూరిందన్నదాన్నిబట్టి చావ్డా వర్గీకరణలో మూడు తరగతులున్నాయి. ఇంకొందరికి, తల్లి కడుపులోనే మాయమవ్వాల్సిన స్టెపీడియల్ ధమని మొండికేసి, మూడు మిల్లీమీటర్ల స్టేపిస్ ఎముక కంతలోంచే రాకపోకలు సాగిస్తుంది. పాఠ్యపుస్తకంలో బొమ్మ ఉన్నదున్నట్టు ఎవరి తలలోనూ ఉండదన్నమాట.

ఈ శాస్త్రమంతా మా మేనత్త దగ్గర చెల్లలేదు. ‘‘పథ్యం ఏమిట్రా?’’ అంది. లేదన్నాను. ‘‘మందులో?’’ అవీ లేవు. ‘‘మరి నీకేం రోగం?’’ అని, తన మోకాళ్ళ కథ అందుకుంది. సుగరు, బీపీ, థైరాయిడ్ కొలువుదీరిన మా కుటుంబంలో వేరియంటుగాడికి పీట లేదు.

ఆ పరీక్షలన్నిట్లో మా ఆవిడకి నచ్చింది ఒక్కటే. డాక్టరుగారు నా మెడకి కుడిపక్క, దవడ కింద రెండు వేళ్ళతో తేలిగ్గా అదిమారు. చప్పుడు టక్కున ఆగింది. వేళ్ళు తీశారు, మళ్ళీ బుస్! ‘‘చూశారా, ఇది సిర చప్పుడే. ధమనిదైతే ఇంత తేలిగ్గా లొంగదు,’’ అన్నారాయన.

అంతదాకా ఫోను చూసుకుంటున్న మా ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకుంది.

‘‘నొక్కినంతసేపూ నోరెత్తరా డాక్టరుగారూ?’’

‘‘చప్పుడాగుతుందమ్మా, ఆయన కాదు.’’

‘‘కాస్త గట్టిగా నొక్కితేనో?’’