కొండమీది ఖాళీ గొయ్యి

నన్ను 1553లో తవ్వారు. మలేసియాలోని మలక్కాలో, కొండమీది సెయింట్ పాల్స్ చర్చి నేలలో ఉంటాను. నా మీద ఇనుప వల, నాలో చిల్లర నాణేలు. వచ్చినవాళ్లంతా వంగి చూస్తారు. నాణేలు తప్ప ఏమీ కనిపించదు. అయినా ఫొటో తీసుకుంటారు.

నాకు ముందటి సంగతులు గోడలు చెప్పగా విన్నవే. దువార్తె కొయెల్యో అనే పోర్చుగీసు నాయకుడు సముద్రం మీద ప్రాణగండం తప్పించుకుని, ఆ మొక్కు తీర్చుకోవడానికి 1521లో ఇక్కడ మేరీమాతకు చిన్న ప్రార్థనాలయం కట్టించాడట. అంతా ఎర్రటి చిల్లుల రాయి, లేటరైట్. 1548లో అది జెస్యూట్లనే కేథలిక్ సన్యాసుల సంఘం చేతికొచ్చింది. జపానుకి వెళ్లినా, చైనా దారి పట్టినా ఆ సంఘపు మతప్రచారకుడు ఫ్రాన్సిస్ జేవియర్‌కి మజిలీ ఈ ఊరే. జపాను సంగతులు చెప్పి ఆయన్ని అటు లాగిన అంజిరో అనే జపానువాడు కలిసిందీ ఇక్కడే, 1547లో.

1552 డిసెంబరులో, చైనా గడ్డ ఎదురుగా కనిపిస్తుండగా, షాంగ్‌చువాన్ దీవిలో జ్వరంతో ఆయన పోయాడు. ఎముకలైనా త్వరగా దక్కుతాయని శవం మీద సున్నం పోసి పూడ్చారు. నెలలు గడిచాక తవ్వితే శరీరం చెడలేదన్నారు. ఓడలో తెచ్చి మార్చిలో నాలో దించారు. ఆ ఏడాది తిరక్కుండానే పైకి తీసి గోవాకి పంపేశారు. నా దగ్గరున్నది కొన్ని నెలలే, ఖాళీగా ఉన్నది నాలుగున్నర శతాబ్దాల పైమాట. నా పేరంతా ఆ కొన్ని నెలల పుణ్యమే. 1614లో గోవాలో ఆయన కుడి ముంజేతిని వేరుచేసి రోముకి పట్టుకెళ్లారు.

1641లో డచ్చి కంపెనీవాళ్లు ఊరు పట్టుకున్నారు. మీ మచిలీపట్నంలో, భీమిలిలో బట్టల వర్తకం చేసిన ఆ కంపెనీయే. చర్చికి పాల్ పేరు పెట్టి తమ పద్ధతిలో ప్రార్థనలు చేసుకున్నారు. 1753లో కొండ కింద కొత్త చర్చి సిద్ధం కాగానే దీన్ని వదిలేశారు. మెట్లెక్కే బాధ తప్పిందనుకున్నారేమో! పెద్దల్ని పూడ్చడానికి మాత్రం పైకొచ్చేవారు. ఇప్పుడు గోడలకి ఆనించి ఉన్న నిలువెత్తు సమాధి ఫలకాలు అప్పటివీ, పోర్చుగీసుల నాటివీ. ఆ తరవాత ఇంగ్లీషువాళ్లొచ్చి ఇక్కడ తుపాకిమందు దాచారు. నిప్పురవ్వ పడితే నా కథ ఎవరు చెప్పేవారు? చర్చి ముందు ఓడలకి దారి చూపే దీపస్తంభం కూడా కట్టారు. ఒకప్పుడు సముద్రం కొండ కాళ్ల దగ్గరే ఉండేది. తీరం పూడ్చి కట్టడాలు లేపాక అది దూరం జరిగింది. పైకప్పు ఎప్పుడో పోయింది. వానొస్తే తిన్నగా నాలోకే.

జేవియర్ విగ్రహాన్ని 1952లో బయట నిలబెట్టారు. ప్రతిష్ఠ జరిగిన మర్నాడే సరుగుడు చెట్టు విరిగిపడి కుడిచెయ్యి తెగిపోయిందని చెప్పుకుంటారు. రోములో ఉన్నదీ కుడిచెయ్యే కదా అని గైడ్లు గొంతు తగ్గించి మరీ చెబుతారు. గాలికి సరుగుడు చెట్టు కూలడం సముద్రపు ఒడ్డువాళ్లకి వింతా? అయినా ఎవరూ ఆ చేతిని మళ్లీ అతికించలేదు. అతికిస్తే గైడ్లు ఊరుకోరు.