పదిహేడో నంబరు సైకిల్

హైదరాబాదులో ఎక్కడ ఎత్తుందో, ఎక్కడ పల్లముందో కార్లలో తిరిగేవాళ్లకేం తెలుసు? నన్నడగండి. నౌబత్ పహాడ్ ఎక్కేటప్పుడు సగంలో దిగి నన్ను నెట్టుకుంటూ నడవని మొనగాణ్ణి నేనింతవరకు చూడలేదు.

నేను కిరాయి సైకిల్ని. నల్లరంగు, వెనక మడ్గార్డు మీద తెల్ల పెయింటుతో 17. ఉత్తరాదిన ఏదో ఫ్యాక్టరీలో పుట్టి, విడివిడి ముక్కలుగా వచ్చి, చిక్కడపల్లిలో ఓ సైకిల్ షాపు సేటు చేతిలో సైకిల్నయ్యాను. నా పుట్టుక గురించి అంతకంటే చెప్పుకోవడానికేం లేదు.

గంటకు రూపాయి కిరాయి. సీటెక్కితే కాళ్లందని పిల్లలు కడ్డీ కింది సందులోంచి కాలు దూర్చి కైంచీ తొక్కేవాళ్లు. పడేది వాళ్లు, వంగేది నా పెడలు. షాపుకు తెచ్చి అప్పగించేటప్పుడు మాత్రం "ముందుగాల్నే వంకరున్నది సేట్" అని ఒట్టు పెట్టేవాళ్లు. నాకు నోరుంటేనా!

అయినా ఆ పిల్లల పుణ్యమా అనే ట్యాంక్‌బండ్ చూశాను. కుతుబ్‌షాహీల నాటి కట్ట, దాని మీద 1986లో వరసగా నిలబెట్టిన విగ్రహాలు. ఓ సాయంత్రం మొల్ల విగ్రహం ముందు నన్ను స్టాండేసి, ఒక పిల్లాడు పలక మీది అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. వాచకంలో పేరు మాత్రమే చూసిన మనిషి ఎదురుగా ఇంత ఎత్తున నిలబడేసరికి నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు. గంట దాటింది. సేటు రెండో రూపాయి వసూలు చేశాడు. నా సంపాదనలో నేను గర్వపడే రూపాయి అదొక్కటే.

ఆ రోజుల్లోనే, 1990 మార్చిలో, రాయగిరి రాతిలో మలిచిన బుద్ధుణ్ణి హుసేన్‌సాగర్ నడుమకు తీసుకెళ్తుంటే విగ్రహం జారి నీళ్లలో పడింది. మనుషుల ప్రాణాలు పోయాయి. రెండేళ్లకు పైగా అడుగున పడుకున్న బుద్ధుణ్ణి 1992 డిసెంబరులో పైకి తీసి నిలబెట్టారు. మునిగినవాణ్ణి వెతికి లేపే ఊరిది అనుకుని మురిసిపోయాను.

షాపు మూతపడ్డప్పుడు నన్నొక పంతులుగారు కొన్నారు. ఆదివారమైతే కూతుర్ని ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని పబ్లిక్ గార్డెన్స్‌కు బయల్దేరేవారు. 1846 నాటి తోట అది. తెల్లటి అసెంబ్లీ భవనం, జూబ్లీహాలు, మ్యూజియం అన్నీ అందులోనే. మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఉందట. తండ్రీకూతుళ్లు దాన్ని చూడ్డానికి లోపలికెళ్తే నేను బయట గొలుసుతో ఎండలో నిలబడేదాన్ని. ఎప్పుడో చచ్చినావిడకు అద్దాల పెట్టె, బతికున్న నాకు వేడెక్కిన సీటు!

తర్వాత స్కూటరొచ్చింది. నేను మెట్ల కిందికి చేరాను. మొదట టైర్లలో గాలి దిగింది. తర్వాత క్యారియర్ మీద పాత పేపర్ల కట్టలు పడ్డాయి. సీటును ఎలుకలు కొరికాయి. చైను బిగుసుకుపోయింది. బూజు కర్ర తగిలినప్పుడల్లా బెల్లు ఒక్కసారి ఖణేల్మనేది. ఇంట్లో ఎవరూ తిరిగి చూసేవారు కాదు. "అమ్మితే ఎంతొస్తుందిలే, ఉండనీ" అన్నారు పంతులుగారు. అది ప్రేమో బద్ధకమో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

2020లో లాక్‌డౌన్ సడలాక ఆ కూతురే నన్ను బయటికి లాగింది. కిరసనాయిలుతో తుప్పు తుడిచింది, కొత్త ట్యూబులేయించింది. తెల్లవారకముందే పాతబస్తీకి ప్రయాణం. 1578 నాటి పురానాపూల్ మీద ఇప్పుడు బళ్లు తిరగవు, కూరగాయలు అమ్ముతారు. కొత్తిమీర కట్టల మధ్య నన్ను నడిపించుకుంటూ మూసీ దాటింది. అంత పొద్దున హారన్లు లేని చార్మినార్ చుట్టూ ఒక చుట్టు తిరిగాం. గచ్చు మీద పావురాలు నాకు దారిచ్చాయి. ఏళ్ల తరబడి చెత్తతో పూడిపోయిన బన్సీలాల్‌పేట మెట్లబావిని శుభ్రం చేసి 2022 డిసెంబరులో తెరిచారు. దాన్నీ చూశాం. ఆ మెట్లను చూస్తే నా మెట్లే గుర్తొచ్చాయి.

ఇంతలో మా సైకిళ్ల కోసమంటూ 2023లో దారి కూడా వేశారు. 23 కిలోమీటర్లు, పైన సోలార్ పలకల నీడ. ఎక్కడనుకున్నారు? ఊరి చివర, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన. అక్కడికి సైకిళ్లను కార్లకు కట్టి తెస్తారు. చార్మినార్‌కు వెళ్లే సైకిల్ మాత్రం ఆటోకీ బస్సుకీ మధ్య ప్రాణాలు బిగబట్టుకోవాల్సిందే.

ఆ దారికని ఆమె గేర్ల సైకిల్ కొంది. మెట్లబావి కోసం ఊరంతా చప్పట్లు కొట్టింది, నన్ను పాత ఇనుపసామాను బండికి ఎత్తేశారు. ఈ నగరంలో పాతబడితే చాలదు, రాయై పుట్టాలి.

కరిగించేస్తారనుకున్నాను. మధ్యలో ఒక హోటలాయన బేరమాడి కొన్నాడు. చైను పీకేసి, ఒళ్లంతా పసుపు రంగు పూసి, నా 17ను దాని కింద కప్పేసి, క్యారియర్ మీద పూలకుండీ బిగించి గోడకు వేలాడదీశాడు. వచ్చేపోయేవాళ్లు నా పక్కన నిలబడి సెల్ఫీలు తీసుకుంటూ "ఎంత మంచి ఆర్టో!" అంటున్నారు. ఆర్టు సంగతి నాకు తెలియదు. టైర్లలో కాస్త గాలి కొట్టి, కిందికి దింపండి బాబూ. చూపించాల్సిన ఊరు ఇంకా చాలా ఉంది.