చల్లదనానికి స్టిక్కర్ చాలు!

బెంగళూరు మహదేవపురలో చల్లదనం స్టిక్కర్‌తోనే వచ్చేస్తుంది. డెలివరీ యాప్ వాళ్ళు తెచ్చే థర్మాకోల్ డబ్బా, దాని మీద నీలిరంగు మంచుపువ్వు బొమ్మ, కింద ‘కోల్డ్ చైన్’ అన్న ముద్ర. అంతే, లోపల సరుకు చల్లగా ఉన్నట్టే లెక్క. డబ్బాలో ఎన్ని డిగ్రీలుందని అడిగితే, అడిగినవాడికే జ్వరమొచ్చిందేమోనన్నట్టు చూస్తారు.

ఇక్కడి ఔటర్ రింగ్ రోడ్డు సంగతి తెలియందా? 2022 సెప్టెంబర్ వరదల్లో ఐటీ ఉద్యోగులు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు పోయిన చోటు. వాన లేని రోజున కూడా సిగ్నల్ దగ్గర బైకు కదిలేలోపు ఐస్‌క్రీమ్ కదిలిపోతుంది. మైనస్ 18 డిగ్రీల్లో ఉండాల్సిన సరుకది. ఒకసారి కరిగి, ఫ్రీజర్‌లో మళ్ళీ గట్టిపడ్డాక, నాలుక మీద ఇసుకలా గరగరలాడి తన కథంతా చెప్పేస్తుంది.

ఇన్సులిన్ అలా చెప్పదు. సీలు తీయని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వేడెక్కితే చేవ క్రమంగా తగ్గుతుంది, గడ్డకడితే ఇక పనికిరాదు. కానీ చల్లదనం భక్తులకు ఆ 8 తప్ప 2 కనబడదు. ఎంత చల్లగా ఉంటే అంత పుణ్యమనుకుని, ఫ్రీజర్‌లోంచి తీసిన రాయిలాంటి ఐస్‌ప్యాక్‌ను నేరుగా మందుకు ఆనించి పంపేస్తారు. కొడుకు దగ్గర నాలుగు రోజులుందామని మదనపల్లె నుంచి వచ్చిన పెద్దాయనకు షుగర్ పెరిగితే, డాక్టరు నిలదీసేది డబ్బాను కాదు, ఆయన తిన్న లడ్డూను.

గడ్డకట్టకుండా చల్లగా ఉంచే విద్య మనవాళ్ళకు తెలియకా కాదు. టీకాలు వేసే ఏఎన్ఎమ్‌ను అడగండి. ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్‌ప్యాక్‌లను వెంటనే వ్యాక్సిన్ క్యారియర్‌లో పెట్టకూడదు. బయట ఉంచి, ఊపితే లోపల నీళ్ళ చప్పుడు వినబడ్డాకే పెట్టాలి. ఎందుకంటే డీపీటీ, హెపటైటిస్ బి లాంటి టీకాలు గడ్డకడితే పాడైపోతాయి. 1996లో పోలియో చుక్కలతో మొదలై ఇప్పుడు టీకా సీసాల మీద కనిపించే గుర్తు కూడా ఒక స్టిక్కరే. కాకపోతే అది పనిచేసే స్టిక్కర్! వేడి తగిలేకొద్దీ లోపలి చదరం నల్లబడుతుంది, చుట్టూ ఉన్న వలయం రంగుకు చేరితే సీసా పారేయాల్సిందే. గడ్డకట్టిన సంగతి మాత్రం అదీ చెప్పలేదు, దానికి వేరే పరీక్ష ఉంది. ఇంత జాగ్రత్త సర్కారు టీకా పెట్టెలో ఉంటే, యాప్ వాళ్ళ డబ్బాకు మంచుపువ్వు బొమ్మ సరిపోయింది.

ఈసారి మందుల పార్సిల్ వస్తే బొమ్మను వదిలేసి, దారిపొడవునా ఎన్ని డిగ్రీలున్నాయో రికార్డు చూపమనండి. ఇన్సులిన్ గడ్డకట్టి వచ్చిందా, కరిగించి వాడకండి, గుమ్మంలోంచే తిప్పి పంపండి.