తోక సాగె: ఒక సంక్రాంతి పద్యానికి టీకా తాత్పర్యం

పండగొచ్చె ననుచు బండెక్కి పోవంగ
తోక సాగె హనుమ తోక వోలె
పటము చూపినట్టి పక్కదారికి తిప్ప
నందరచట యుండి రంత ముందె

అవతారిక. హైదరాబాదు నుంచి విజయవాడ వైపు సకుటుంబంగా బయలుదేరిన ఒక కవి, పంతంగి టోలు గేటు ఇంకా కనుచూపు మేరలోకి రాకముందే హ్యాండ్ బ్రేకు వేసి చెప్పిన పద్యమిది. కవి పేరు దొరకలేదు. టీకాకారుడే రాసుకుని పరాయివాడి మీదికి నెట్టాడని ఒక అపవాదు ఉంది. దాన్ని ఖండించే తీరిక ప్రస్తుతం లేదు. ఛందస్సు ఆటవెలది. ఉన్న సమయానికి సీసమాలిక రాయవచ్చు గదా అంటే, బహుశా నాలుగో పాదం దగ్గర ముందు బండి కాస్త కదిలి ఉంటుంది.

వ్యాఖ్యాతల్లో అగ్రగణ్యుడైన మల్లినాథ సూరిది మెదక్ జిల్లా కొల్చారం. టీక రాసేవాడు అనవసరమైన మాట చెప్పకూడదన్న ఆయన నియమం గొప్పదే గాని, ఆయనకు 65వ నంబరు జాతీయ రహదారితో పని పడలేదు.

ప్రతిపదార్థం.

పండగొచ్చెననుచు = పండగ వచ్చిందని. ఏ పండగ? మూలంలో లేదు. దసరా అనరాదా అని శంక. అనరాదు. దసరాకు నగరం నలుదిక్కులకూ ఖాళీ అవుతుంది. సంక్రాంతికి మాత్రం దిక్కు ఒక్కటే, తూర్పు. ఎల్బీ నగర్, హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేట, చౌటుప్పల్ అని ఊళ్ల పేర్లు జపించుకుంటూ అందరూ ఒకే గొట్టంలో దూరే పండగ ఇదొక్కటే.

బండెక్కి = కారెక్కి. హైదరాబాదులో బండి అంటే మోటారు సైకిలు కూడా. అయినా ఇక్కడ ఆ అర్థం కుదరదు. ద్విచక్ర వాహనానికి జాతీయ రహదారి మీద టోలు లేదు, సందులోంచి జారిపోతుంది. జారిపోయేవాడికి పద్యంతో పని లేదు. కనుక కవి కారులోనే ఉన్నాడు.

పోవంగ = పోతూ ఉండగా. పోయి అని రాయలేదు. వ్యాకరణరీత్యానే కాదు, వాస్తవంగానూ పోలేదు.

తోక సాగె = వాహనాల వరుస పొడవైంది. సాగింది అంటే ముందుకు నడిచిందని కొందరు అర్థం చెప్పారు. వాళ్లు ఆ వేళ రోడ్డు మీద లేరన్నది స్పష్టం. ఇక ఎవరి తోక అన్నది కవి చెప్పలేదు, వాహనశ్రేణి అని అధ్యాహారం చేసుకోవాలి. తల పంతంగి దగ్గర ఉంటుంది. ఈ దారిలో టోలు గేట్లు మూడు. యాదాద్రి భువనగిరి జిల్లాలో పంతంగి, నకిరేకల్ దాటాక కొర్లపహాడ్, ఆంధ్రలోకి అడుగుపెట్టాక జగ్గయ్యపేట దగ్గర చిల్లకల్లు. పాపం మూడూ చేసినా, ఆది కావ్యానికి ఉన్న గౌరవం లాగా, తిట్లలో సింహభాగం పంతంగికే దక్కుతుంది.

హనుమ తోక వోలె = ఆంజనేయుడి తోక లాగా. ఉపమాలంకారం. లంకలో గుడ్డలు చుట్టేకొద్దీ తోక పెరిగింది. ఇక్కడ కౌంటర్లు తెరిచేకొద్దీ పెరుగుతుంది. అక్కడ చివర మంట ఉంది, ఇక్కడ రాత్రివేళ బ్రేకు లైట్ల ఎరుపు. 2021 ఫిబ్రవరి 15 అర్ధరాత్రి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి అయినప్పుడు తోక తెగిందని సంబరపడ్డవాళ్లలో ఈ టీకాకారుడూ ఉన్నాడు. అదే ఏడాది మే నెలలో జాతీయ రహదారుల సంస్థ ఒక మార్గదర్శకం కూడా ఇచ్చింది. గేటు దగ్గర ఒక్కో బండికి పది సెకన్లకు మించి పట్టకూడదు, వరుస 100 మీటర్లు దాటకూడదు, అంత దూరాన పసుపు గీత గీయాలి, దాటిన వరుస గీత లోపలికి వచ్చేదాకా బళ్లను ఉచితంగా వదలాలి. అంటే, 2024లో వెనక్కి తీసుకునేదాకా, హనుమంతుడి తోకకు కొలబద్ద పెట్టారన్నమాట. ఆ పని రావణుడికీ తోచలేదు.

పటము = ఫోన్‌లోని మ్యాపు. చూపినట్టి = చూపిన. ఈ విశేషణం జాగ్రత్తగా చదవాలి. పటం చూపిందే గాని పొమ్మనలేదు. తర్వాత ఇంట్లో జరిగే విచారణలో ఈ తేడా పనికొస్తుంది. అసలు ఈ పటానికి ఇంత జ్ఞానం ఎక్కడిది? దారిలో ఉన్న మన ఫోన్ల నుంచే. అవి ఎంత నెమ్మదిగా కదులుతున్నాయో చూసి రోడ్డుకు నారింజ, ఎరుపు, మరీ ఘోరమైతే ముదురు ఎరుపు పూస్తుంది. 2020లో సైమన్ వెకర్ట్ అనే కళాకారుడు 99 ఫోన్లను చిన్న బండిలో వేసి లాక్కుంటూ బెర్లిన్ వీధుల్లో నడిచాడు. ఖాళీ వీధి పటంలో ఎర్రబడింది. అంటే పటం చూసేది రోడ్డును కాదు, మనల్ని. మనం ఆగితే అది ఎర్రబడుతుంది, అది ఎర్రబడితే మనం పక్కదారి పడతాం, పక్కదారిలో మళ్లీ మనమే ఆగుతాం.

పక్కదారికి తిప్పన్ = పక్కదారికి మళ్లించగా. స్టీరింగును అని అధ్యాహారం. ఏ పక్కదారి అన్నదే ఈ పద్యంలో అసలు చిక్కు. మూడు మతాలున్నాయి.

మొదటిది భువనగిరి మతం. ఉప్పల్ నుంచి వరంగల్ రోడ్డు పట్టి ఘట్‌కేసర్, బీబీనగర్, భువనగిరి, అక్కడ కుడికి తిరిగి వలిగొండ, రామన్నపేట మీదుగా చిట్యాల దగ్గర మళ్లీ పెద్ద రోడ్డెక్కడం. దీన్ని అనుసరించేవారు పంతంగిని తప్పించుకున్నామని మీసం మెలేస్తారు. బీబీనగర్ దగ్గర గూడూరు టోలు గేటు ఉందని వారి భాష్యాల్లో ఎక్కడా కనబడదు.

రెండోది నల్లగొండ మతం. నార్కట్‌పల్లిలో కుడికి తిరిగి నల్లగొండ, మిర్యాలగూడ, వాడపల్లి వంతెన, దాచేపల్లి, పిడుగురాళ్ల. అద్దంకి దాకా పోయే మంచి రోడ్డు. అయితే నార్కట్‌పల్లి పంతంగికి అవతల ఉంది. తోక మొత్తం అనుభవించాకే ఈ మోక్షం. అన్నట్టు, మూసీ కృష్ణలో కలిసేది ఆ వాడపల్లి దగ్గరే. హైదరాబాదు మధ్య నుంచి బయలుదేరి, ఎవరికీ రూపాయి కట్టకుండా, ఏ పటమూ చూడకుండా కృష్ణకు చేరేది అదొక్కటే. ఒంపులు తిరుగుతుందని దాన్ని వెక్కిరించడం మానేయాలి.

మూడోది సాగర్ మతం. ఇబ్రహీంపట్నం, మాల్, కొండమల్లేపల్లి, నాగార్జునసాగర్, మాచర్ల. ఔటర్ రింగు రోడ్డు మీద ఉన్నవారు బొంగులూరు దగ్గర దిగి ఇందులో కలుస్తారు. ఇక్కడ ఒక ప్రమాదం: బెజవాడ శివార్లలో పెద్ద రోడ్డు మీద ఇంకో ఇబ్రహీంపట్నం ఉంది. అత్తగారు ఫోన్ చేసి “ఎక్కడిదాకా వచ్చారు బాబూ?” అంటే, అల్లుడు “ఇబ్రహీంపట్నం దాటామండీ” అన్నాడనుకోండి. ఆవిడ గారెల పిండి కలపడం మొదలుపెడుతుంది. అబద్ధమాడాడనడానికి లేదు.

సిద్ధాంతం ఏమిటంటే, ఈ మూడూ ఒకదానికొకటి పోటీ మతాలు కావు. పల్నాడు వెళ్లేవాడికి సాగర్ రోడ్డు పక్కదారి కాదు, అదే రాజమార్గం. నరసరావుపేట, అద్దంకి వైపు వాళ్లకు వాడపల్లి వంతెన సహజం. విజయవాడ, ఏలూరు, గోదావరి జిల్లాల వాళ్లు ఆ దారుల్లో దూరడమే అనర్థానికి మూలం. వాళ్లు చుట్టూ తిరిగి చేసే పొదుపు సాధారణంగా డీజిల్ రూపంలో ఖర్చయిపోతుంది. ఊరు ఎటు ఉందో అటు వెళ్లే దారిని నమ్మాలి గాని, ఏది పచ్చగా ఉందో దాన్ని కాదు. ఈ మాటకు కారులో వెనక సీటు నుంచి ఎప్పుడూ సమ్మతి రాదు. “పక్క లేను కదులుతోంది చూడండి” అన్నదే అక్కడి నుంచి వచ్చే ఏకైక సూత్రం.

అందరు అచట ఉండిరి అంత ముందె = అందరూ అంతకు ముందే అక్కడ ఉన్నారు. అతిశయోక్తి అని పూర్వపక్షం. కాదు, స్వభావోక్తి. 1952లో వార్డ్రాప్ అనే ఆంగ్లేయుడు దీన్నే లెక్కగా చెప్పాడు: ప్రతివాడూ తన సమయం తాను మిగుల్చుకోవాలని దారి వెతుక్కుంటే, చివరకు జనం వాడే దారులన్నిట్లోనూ పట్టే సమయం ఒక్కటే అవుతుంది. అప్పుడిక ఏ ఒక్కడు దారి మార్చినా లాభం లేదు. 1968లో బ్రాయెస్ అనే జర్మన్ గణితవేత్త ఇంకో మెట్టెక్కి, కొత్త రోడ్డు ఒకటి కలిపితే ఒక్కోసారి అందరికీ ఇంకా ఆలస్యం కావచ్చని నిరూపించాడు. ఇద్దరూ మన కవిలా ఒక్క పాదంలో చెప్పలేకపోయారు. పైగా వలిగొండ రోడ్డు లాంటిది నిండడానికి నగరమంతా రానక్కర్లేదు. ఎదురుగా ఒక వరిగడ్డి ట్రాక్టరు, దాని వెనక ఓవర్‌టేక్ చేయాలని బయటికి వచ్చిన ఒక ఇన్నోవా, చాలు.

ధ్వని. ఈ పాదానికి మరో అర్థం ఉంది. అచట అంటే ఊళ్లో అని చెప్పుకోవచ్చు. అంతముందె అంటే ముందే బయలుదేరినవాళ్లు. భోగికి మూడు రోజుల ముందు సెలవు పెట్టినవాళ్లు, తెల్లవారుజామున మూడింటికి పిల్లల్ని నిద్రలోనే కారులో వేసుకున్నవాళ్లు, ఈపాటికి ఊళ్లో అరుగు మీద కూర్చుని ఫోన్లో ఈ తోక వీడియో చూస్తున్నారు. కవి ఈ అర్థం ఉద్దేశించాడో లేదో గాని, ఆయన భార్య మాత్రం ఉద్దేశించింది. “నిన్ననే పోదామన్నాగా” అన్న మాట పద్యంలో లేకపోయినా ప్రతి పాదం వెనకా వినబడుతుంది. ఆమె చెప్పిన మార్గం ఏ పటంలోనూ గీత రూపంలో ఉండదు, అది గడియారంలో ఉంటుంది. పోలీసులు ఏటా పండగ ముందు మళ్లింపుల ప్రకటనలు ఇస్తారు, చదవదగ్గవే. కానీ వాటిని చదివేది కూడా అందరమే.

అన్వయం సులభం. తాత్పర్యం పైన వచ్చేసింది.

పాఠాంతరం. మూడో పాదంలో “పల్లెదారికి తిప్ప” అని కొన్ని ప్రతుల్లో ఉంది. అర్థంలో తేడా చిన్నది కాదు. ఆ పాఠం తీసుకుంటే అంత ముందే అక్కడ ఉన్న “అందరు” కార్లవాళ్లు కారు, ఆ ఊరివాళ్లు. రామన్నపేట మనిషికి అది పక్కదారి కాదు, ఉన్న దారే అది. పాల క్యాను పెట్టుకుని సైకిలు మీద రోడ్డు దాటాలని నిలబడి, “గీ బండ్లన్ని ఏడికి వోతున్నయే?” అని పక్కవాణ్ని అడిగే హక్కు అతనికుంది. రోడ్డు దాటడానికి అతనికి పటం ప్రత్యామ్నాయం చూపదు. యతి రెండు పాఠాల్లోనూ చెల్లుతుంది కనుక ఛందస్సు తీర్పు చెప్పదు. న్యాయంగా చూస్తే పల్లెదారి అన్నదే మేలైన పాఠం. అయినా మూలంలో పక్కదారికే స్థానమిచ్చాం. పద్యం చెప్పినవాడు కారులో ఉన్నాడు.